మిరప బస్తాకు ఏ గుర్తు మేలు? రేడియో ట్యాగ్, క్యూఆర్ కోడ్‌ల ఎంపికలో గమనించవలసిన అంశాలు

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతంలో మిరప, పత్తి ప్రధానమైన వాణిజ్య పంటలు. విత్తన ప్యాకెట్ మొదలుకొని శీతల గిడ్డంగిలో నిల్వచేసిన మిరప బస్తా వరకు ప్రతి వస్తువునూ విడిగా గుర్తించగలగడం ఈ రైతులకు అత్యవసరం. బస్తా తారుమారైతే మేలురకం కాయ తాలుకాయ ధరకు పోవచ్చు. విత్తనం మొలకెత్తనప్పుడు అది ఏ లాటుకు చెందినదో చూపలేకపోతే పరిహారం పొందడం కష్టమవుతుంది. ఈ గుర్తింపునకు నేడు రెండు పద్ధతులు అందుబాటులో ఉన్నాయి.

రేడియో ట్యాగ్: కీసర టోల్‌ప్లాజా మీదుగా ప్రయాణించేవారికి ఇది సుపరిచితమే. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల టోల్‌ప్లాజాలలో తప్పనిసరి అయిన ఫాస్టాగ్ ఈ కోవకు చెందినదే. ఇందులో బ్యాటరీ ఉండదు. రీడర్ పంపే రేడియో తరంగాల నుంచే శక్తిని గ్రహించి తన సంఖ్యను తిరిగి పంపుతుంది. ట్యాగ్ కంటికి కనిపించనవసరం లేదు. అనేక ట్యాగులను ఒక్కసారే చదవవచ్చు. అయితే ఫాస్టాగ్ వాడే పౌనఃపున్యంలో నీరు తరంగాలను శోషిస్తుంది, లోహం పరావర్తనం చేస్తుంది. 10–11 శాతం తేమకు ఆరిన మిరపతో ఇబ్బంది తక్కువే గాని, తడిసిన బస్తాలు, ఇనుప అరలు ఉన్నచోట కొన్ని ట్యాగులు చదవబడకపోవచ్చు. పైగా దీనికి ప్రత్యేక రీడర్ అవసరం.

క్యూఆర్ కోడ్: జపాన్‌కు చెందిన డెన్సో సంస్థ వాహన భాగాల గుర్తింపు కోసం 1994లో దీనిని రూపొందించింది. ముద్రణ వ్యయం స్వల్పం; రైతు తన చరవాణితోనే చదువుకోగలడు. తగిన స్థాయిలో ముద్రిస్తే సుమారు 30 శాతం వరకు చెడినా సమాచారం దక్కుతుంది. కాని ఒక్కొక్కదానినీ కెమెరాకు ఎదురుగా ఉంచి చదవాలి. బస్తాల దొంతరలో లోపలి కోడ్ కనిపించదు.

నకలు సమస్య: క్యూఆర్ కోడ్‌ను ఎవరైనా నకలు తీయవచ్చు. సాధారణ రేడియో ట్యాగ్ సంఖ్యనూ అనుకరించవచ్చు. కనుక గుర్తు ఉన్నంత మాత్రాన సరుకు అసలైనదని భావించరాదు. ప్రతి ప్యాకెట్‌కు వేరు సంఖ్య ఉండి, దానిని అధికారిక నమోదుతో సరిచూసే వీలున్నప్పుడే గుర్తుకు విలువ. విత్తనం మూలాన్ని క్యూఆర్ కోడ్ ద్వారా తెలుసుకునేందుకు 2023 ఏప్రిల్‌లో కేంద్రం ప్రారంభించిన 'సాథీ' పోర్టల్ ఉద్దేశం ఇదే.

ఎంపిక: గుర్తును ఎవరు చదువుతారు, ఒకేసారి ఎన్ని చదవాలి అనేవే నిర్ణాయక ప్రశ్నలు. విత్తన ప్యాకెట్‌ను చదవవలసినవాడు రైతు. కనుక దానికి క్యూఆర్ కోడే తగినది. బస్తాలకు కోడ్‌తోపాటు పెద్ద అంకెలలో సంఖ్య ముద్రించిన చీటీని కుట్టడం సరిపోతుంది. దుమ్ముతో కోడ్ మాసినా అంకెలు ఉపకరిస్తాయి. ద్వారం వద్ద వేలాది బస్తాలను త్వరగా లెక్కించవలసిన గిడ్డంగులు రేడియో ట్యాగును పరిశీలించవచ్చు. అయితే నింపిన బస్తాలను దొంతరగా పేర్చి పరీక్షించిన తరువాతనే కొనుగోలు చేయాలి.

ఏ పద్ధతి ఎంచుకున్నా రైతు పేరు, రకం, బరువు, నిల్వచేసిన తేదీ ఆ సంఖ్యతో నమోదు కావాలి. ఆ వివరాలున్న రసీదు రైతు చేతికి అందాలి. విత్తనం కొన్న బిల్లును, ఖాళీ ప్యాకెట్‌ను పంట ముగిసేవరకు భద్రపరచుకోవాలి.