ఇంటి మనిషి పోతే కోర్టు ఏం లెక్కిస్తుంది?

2023 జనవరి 23 రాత్రి సియాటిల్ నగరంలో రోడ్డు దాటుతున్న 23 ఏళ్ల తెలుగు విద్యార్థిని పోలీసు కారు ఢీకొని చనిపోయింది. గంటకు 25 మైళ్లు మించకూడని ఆ వీధిలో కారు ఒక దశలో 74 మైళ్ల వేగం అందుకుంది. తర్వాత మరో పోలీసు అధికారి ఫోన్లో నవ్వుతూ, పదకొండు వేల డాలర్లకు చెక్కు రాసిస్తే సరిపోతుందని, ఆమె విలువ అంతంతమాత్రమేనని అన్న మాటలు అతని ఒంటిమీది కెమెరాలోనే రికార్డయ్యాయి. 2024లో కుటుంబం 11 కోట్ల డాలర్లకు దావా వేసింది. దానిపైన ఇంకో 11 వేల డాలర్లు కూడా కలిపి అడిగింది.

అమెరికాలో ఇలాంటి వ్యాజ్యాన్ని రాంగ్‌ఫుల్ డెత్ దావా అంటారు. ఎదుటివారి తప్పు వల్ల మనిషి పోయినప్పుడు, బతికున్నవారు తమకు జరిగిన నష్టం అడగడమే ఇది. అడిగే హక్కు మాత్రం అందరికీ ఉండదు. పెళ్లికాని, వయసొచ్చిన బిడ్డ పోతే తల్లిదండ్రులు ఆ బిడ్డ సంపాదన మీదే బతుకుతూ, అమెరికాలోనే నివసిస్తుంటేనే అడగాలని వాషింగ్టన్ రాష్ట్ర చట్టం ఒకప్పుడు చెప్పేది. 2015 సెప్టెంబరులో సియాటిల్ వంతెన మీద పర్యాటక వాహనం బస్సును గుద్ది అయిదుగురు విదేశీ విద్యార్థులు చనిపోయాక ఈ అన్యాయం అందరి కంటా పడింది. 2019లో చట్టం మార్చారు. ఆ మార్పు రాకపోయి ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న, మొదట చెప్పిన అమ్మాయి కన్నవారికి దావా తలుపు మూసుకుపోయేదే.

అసలు మొదట్లో ఈ తలుపు ఎవరికీ లేదు. 1808లో ఇంగ్లండులో గుర్రపు బండి బోల్తాపడి ఒకావిడ గాయపడి, నెల తర్వాత చనిపోయింది. ఆమె బతికున్న ఆ నెలకే భర్తకు పరిహారం దక్కింది. మనిషి చావును సివిల్ కోర్టులో నష్టంగా లెక్కించడం కుదరదన్నారు జడ్జి. అంటే కాలు విరగ్గొట్టినవాడు డబ్బు కట్టాలి, ప్రాణం తీసినవాడు కట్టనక్కర్లేదు! రైళ్లు వచ్చి ప్రమాదాలు పెరిగాక 1846లో బ్రిటన్ ఈ పద్ధతి మార్చుకుంది. 1855లో మన దేశానికీ ఫాటల్ యాక్సిడెంట్స్ చట్టం వచ్చింది.

ఆ చట్టం నేటికీ అమల్లో ఉంది. భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లల కోసం రెండేళ్లలోగా దావా వేయవచ్చు. కరెంటు తీగ తెగిపడినా, కట్టడం కూలినా దారి ఇదే. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యంలో నిర్లక్ష్యం వల్ల మనిషి పోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 1998లో భార్యను కోల్పోయిన ఒక ప్రవాస వైద్యుడికి 2013లో సుప్రీంకోర్టు దాదాపు ఆరు కోట్ల రూపాయలు, వడ్డీ ఇప్పించింది. పదిహేనేళ్లు పట్టింది.

మన ఊళ్లలో ఎక్కువగా వినిపించేది మాత్రం రోడ్డు ప్రమాదాల కేసు, లాయర్ల భాషలో ఎంవీఓపీ. డ్రైవరు మీద పోలీసులు పెట్టే క్రిమినల్ కేసు వేరు, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో కుటుంబం వేసే ఈ కేసు వేరు. జైలు శిక్షకు అనుమానానికి తావులేని రుజువు కావాలి. ఇక్కడ తప్పు అతనిదే అయి ఉండే అవకాశం ఎక్కువని తేలితే చాలు. అందుకే డ్రైవరు క్రిమినల్ కేసులో బయటపడ్డా పరిహారం రావచ్చు.

లెక్క ఎలా కడతారు? సుప్రీంకోర్టు ఇచ్చిన 2009 నాటి సరళా వర్మ, 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పులు దీనికో సూత్రం ఇచ్చాయి. పర్మినెంటు కాని ప్రైవేటు ఉద్యోగంలో నెలకు 20,000 తెచ్చే 35 ఏళ్ల మనిషి పోయాడనుకుందాం. ఇంట్లో తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు. ముందుముందు జీతం పెరిగేదని 40 శాతం కలుపుతారు: 28,000. అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు: 21,000. ఏడాదికి 2,52,000. ఆ వయసుకు కోర్టు పెట్టిన గుణకం 16 కాబట్టి మొత్తం 40,32,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, తోడు కోల్పోయినందుకు ఇచ్చే మొత్తం దీనికి అదనం.

మరి జీతమే లేని ఇల్లాలు పోతే? 2021లో సుప్రీంకోర్టు తేల్చిన కీర్తి కేసులో, కృష్ణా జిల్లాలో పుట్టిన జస్టిస్ ఎన్.వి.రమణ దీని మీద విడిగా తీర్పు రాశారు. రోజుకు ఆడవాళ్లు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు జీతంలేని ఇంటిపని చేస్తున్నారన్న ప్రభుత్వ సర్వేను అందులో ప్రస్తావించారు. ఆ పనికి ఆదాయం కట్టాల్సిందేనన్నారు.

కేసు నిలబడేది కాగితాల మీద. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, చార్జిషీటు, జీతం స్లిప్పులు, వయసు చూపే సర్టిఫికెట్, బండి బీమా వివరాలు తీసి ఉంచుకోవాలి. ప్రమాదం ఎక్కడ జరిగినా, తామున్న ప్రాంతంలోని ట్రిబ్యునల్లోనే వేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి దీనికి ఆరు నెలల గడువు ఉంది. ఆ నిబంధన మీద సుప్రీంకోర్టులో సవాళ్లున్నా, గడువులోపు వేయడమే క్షేమం. గుద్దిన బండి దొరక్కుండా పోతే ప్రభుత్వ పథకం కింద రెండు లక్షలు వస్తాయి. బీమా కంపెనీ లోక్ అదాలత్‌లో రాజీకి పిలిస్తే, సంతకం పెట్టేముందు పై లెక్క ఒకసారి కట్టి చూసుకోవాలి. అక్కడి అవార్డు మీద అప్పీలు ఉండదు.