మెడలోని చిన్న గ్రంథి

పద్మనగర్‌లోగాని, ఇటు పూర్ణ వైపుగాని సాయంత్రంపూట మన ఆడవాళ్ళు నలుగురు కూర్చున్నచోట "థైరాయిడ్" అన్న మాట వినబడుతూనే ఉన్నది. మా వదిన రెండేళ్ళపాటు ఒళ్ళు బరువనీ, జుట్టు ఊడుతున్నదనీ, ఎండాకాలంలో కూడ చలి అనీ చెప్తూ వచ్చింది. సాంచాల చప్పుడులో నిద్ర చాలక అట్లా ఉన్నదని మేమందరం సరిపెట్టుకున్నాము. చివరకు రక్తపరీక్షలో అసలు సంగతి బయటపడింది. మాత్రలు మొదలుపెట్టిన మూడు నెలలకు మనిషి తేరుకున్నది. "బాగైనదిగదా, జన్మంతా మందులెందుకు?" అన్నాను నేను. ఆమె మానేసింది. ఆరునెలలు తిరగకముందే ముఖం ఉబ్బి, గొంతు బొంగురుపోయి మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళవలసివచ్చింది. ఆ తప్పు నాది. అందుకే ఈ నాలుగు మాటలు.

గొంతుకు ముందువైపు సీతాకోకచిలుక ఆకారంలో ఉండేదే అవటుగ్రంథి. అది తయారుచేసే థైరాక్సిన్ అనే హార్మోను రక్తంలో కలిసి, దేహంలోని ప్రతి అవయవం ఎంత చురుకుగా పనిచేయవలెనో నిర్ణయిస్తుంది. హార్మోను తగ్గితే నీరసం, మలబద్ధకం, బహిష్టులో తేడాలు. మితిమీరితే గుండెదడ, చేతుల వణుకు, బరువు తగ్గిపోవుట.

థైరాక్సిన్ తయారుకావటానికి అయొడిన్ కావలె. హిమాలయ ప్రాంతాలలో వానలు, మంచు నేలలోని అయొడిన్‌ను కడిగివేయటంవల్ల గళగండం ఊరూరా కనిపించేది. దీనికి మార్గం చూపినవారిలో మన తెలుగువారే అయిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామిగారు ముఖ్యులు. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్టణంలో వైద్యవిద్య చదివినవారు. 1956 నుండి కాంగ్రాలోయలో సుమారు లక్షమంది జనాన్ని మూడు భాగాలుచేసి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇప్పించారు. కొన్నేళ్ళకు మొదటి రెండుచోట్ల గళగండం బాగా తగ్గింది, మూడోచోట తగ్గలేదు. 1962లో ప్రభుత్వం జాతీయ గళగండ నివారణ పథకం ప్రారంభించింది. నేడు మన వంటింట్లోని ఉప్పు పొట్లం వెనుక ఉన్న కథ ఇది.

అయితే ఉప్పు మారిస్తే అందరి జబ్బూ పోదు. చాలామందిలో దేహరక్షణకు ఉన్న శక్తే పొరపాటున ఈ గ్రంథిమీదికి తిరుగుతుంది. వారికి లోపించిన థైరాక్సిన్‌నే మాత్రగా ఇస్తారు. దేహంలో ఉండవలసినదాన్నే బయటినుండి నింపుతున్నామేగాని కొత్త విషమేదీ పెట్టటంలేదు. అందుచేతనే చాలామంది దానిని జీవితాంతం వాడవలసివస్తుంది. హార్మోను ఎక్కువైనవారి చికిత్స వేరు: దాన్ని తగ్గించే మాత్రలు, రేడియో అయొడిన్, లేదా శస్త్రచికిత్స.

మాత్రను తెల్లవారగానే పరగడుపున, మంచినీళ్ళతో వేసుకోవలె. చాయ అరగంటైనా ఆగి తాగవలె. ఇనుము, కాల్షియం మాత్రలకు దీనికి నాలుగు గంటల ఎడం ఉండవలె. మోతాదు మారినప్పుడు ఆరు, ఎనిమిది వారాలకు మళ్ళీ టి.యస్.హెచ్. పరీక్ష చేయిస్తారు. పొరుగింటామె మోతాదు మనకు పనికిరాదు.

కడుపుతో ఉన్న కోడళ్ళ విషయంలో మరీ జాగ్రత్త. మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదల తల్లి థైరాక్సిన్ మీదనే ఆధారపడి ఉంటుంది. నెల తప్పిందని తెలిసిన వెంటనే మాత్ర మానరాదు. డాక్టరుకు చెప్తే మోతాదు సాధారణంగా పెంచుతారు.

ఇప్పుడు మా వదిన మాత్రల సీసా దేవుని పటం పక్కనే పెట్టుకున్నది. పొద్దున దీపానికి ముందు మాత్ర. ఆ వేళకు గ్లాసుతో నీళ్ళందించే పని నాది.