అర్బుదకణముల ఆహారము: అపోహలు – వాస్తవములు

ఇంటిలో ఎవరికైనను కాన్సరని తేలినంతనే బంధువులు చేయు మొదటి పని పంచదార డబ్బాను అటకమీదికి ఎక్కించుట. కాఫీలో చక్కెర మాన్పింతురు. పండుగనాటి పరమాన్నము రోగి విస్తరిలో వడ్డింపరు. కొందరు అన్నమునే సగము చేయుదురు. ప్రేమతో చేయు ఈ పనికి మూలము ఒక అర్ధసత్యము. అర్ధసత్యము కనుకనే దానిని తొలగించుట కష్టము.

“చక్కెర మానినచో కాన్సరు మాడి చచ్చును” అనునది ఆ మాట. 1920 దశకమున బెర్లిను నగరపు డాలెమ్ ప్రాంతములో ఓటో వార్బర్గ్ అను శాస్త్రజ్ఞుడు, పలుచగా కోసిన కణితి ముక్కలను గాజుపాత్రలలో నుంచి, వాయువుల పీడనభేదమును కొలిచి, ఆమ్లజని సమృద్ధిగా నున్నను అర్బుదకణములు గ్లూకోజులో అధికభాగమును పూర్తిగా దహింపక లాక్టిక్ ఆమ్లముగా మార్చి విసర్జించుచున్నవని కనుగొనెను. ఇది సత్యమే, కణితి గ్లూకోజును విశేషముగా గ్రహించుటపైననే నేటి పెట్ స్కాను ఆధారపడియున్నది. అయితే మనము తీపి మానినను, మెదడునకు గ్లూకోజు కావలయును గనుక, కాలేయము అమినో ఆమ్లములనుండియు గ్లిసరాలునుండియు దానిని తయారుచేసి రక్తములో దాని మట్టమును నిలుపుచునే యుండును. కణితియో, గ్లూటమినును, కొవ్వును సైతము వాడుకొనగలదు. మితిమీరిన తీపి స్థూలకాయమునకు దారితీయుననుట వేఱుమాట. చికిత్సలో నున్నవానికి తిండి తగ్గించినచో చిక్కిపోవునది రోగియే.

రెండవ అపోహకు కర్త వార్బర్గే. కాన్సరు కణములో శ్వాసక్రియ చెడిపోవుననియు, వ్యాధికి అదియే మూలమనియు ఆయన 1956లో సైతము గట్టిగా వాదించెను. పెక్కు కణితులలో శ్వాసక్రియ చక్కగా సాగుచునే యున్నది. అమెరికాలోని డాలస్ నగరమున, శస్త్రచికిత్సకు ముందు ఊపిరితిత్తుల కాన్సరు రోగుల రక్తములోనికి, జాడ తెలియుటకై బరువైన కర్బనముతో (కర్బనపు బరువైన ఐసోటోపుతో) కూడిన గ్లూకోజును ఎక్కించి, పిదప కోసి తీసిన కణితిని పరీక్షింపగా, ఆ కర్బనము శ్వాసక్రియకు చెందిన దహనచక్రములో ప్రత్యక్షమయ్యెను. తాను విసర్జించునని పేరుపడిన లాక్టేటునే (లాక్టిక్ ఆమ్లపు రూపమునే) కణితి రక్తమునుండి తీసికొని ఇంధనముగా వాడుకొనుననియు 2017లో వెల్లడియయ్యెను.

కణములలోని చిన్న అణువులను కొలిచి ఇట్టి సంగతులను తేల్చు విద్యయే మెటబొలోమిక్సు. “నమూనా వేసినచో యంత్రమే జవాబు చెప్పును” అను భ్రమ ఈ విద్యను నేర్వవచ్చు విద్యార్థులను మిక్కిలిగా బాధించును. యంత్రమునకు ముందే సగము కథ ముగియును. పళ్లెములోని కణములపైనున్న పోషకద్రవమును వంచివేసి, సున్నకు 80 డిగ్రీలు దిగువనున్న మెథనాలును పోయువఱకు గడచు కొద్ది క్షణములలోనే, ఏ.టి.పి. వంటి చంచలపదార్థముల పరిమాణము మారిపోవును. చేయి తడబడినచో కొలిచినది కణము స్థితిని గాక మన జాప్యమును. ఆ పోషకద్రవములో గ్లూకోజు తఱచుగా రక్తములోనిదానికి ఐదురెట్లుండుననియు మఱవరాదు. అణువుల ద్రవ్యరాశిని తూచు ఆ యంత్రము చూపు శిఖరములకు పేర్లుండవు. ల్యూసిను, ఐసోల్యూసినులకు ద్రవ్యరాశి ఒక్కటే గనుక వానిని ముందుగా విడదీయనిచో తూకము మాత్రమే చూచు యంత్రమునకు రెండును ఒకటే.

ఇంతకన్న సూక్ష్మమైన పొరపాటు మఱియొకటి కలదు. ఒక పదార్థము ఎక్కువగా కనబడినచో అది ఎక్కువగా తయారగుచున్నదని తలచుట సహజము. చెరువులో నీరు పెరిగినదనిన కాలువ ఉద్ధృతముగా వచ్చుచుండవచ్చును, లేదా తూము మూసియుండవచ్చును. మట్టము చూచి ప్రవాహమును చెప్పజాలము. ఆఱు కర్బనములును బరువైనవిగా నున్న గ్లూకోజును కణములకిచ్చి, లాక్టేటులో మూడు, సిట్రేటులో రెండు బరువు కర్బనములు ఎప్పుడు, ఎంతపాలు చేరినవో కాలక్రమమున లెక్కించినగాని కాలువ సంగతి తెలియదు. ఈ భేదమును ఆకళించుకొనుటయే ఈ విద్యలో ప్రథమసోపానమని నా దృఢవిశ్వాసము.

“ఒక్క రక్తపుచుక్కతో సర్వ కాన్సరులును తేలును” అను ప్రకటనలను నమ్మవలదు. పరీక్షనాళికలో నిలువయున్న రక్తములోనే ఎఱ్ఱకణములు గ్లూకోజును తినుచు లాక్టేటును పెంచుచుండును గనుక, కొలత రోగి స్థితిని గాక రక్తము నిలువయున్న కాలమును చూపవచ్చును.

అట్లని ఇది రోగికి అక్కఱకురాని విద్యయని తలచుటయు అపోహయే. ఐ.డి.హెచ్.1 అను ఎంజైము మార్పుచెందిన మెదడు కణితులలో 2-హైడ్రాక్సీగ్లుటరేటు అను పదార్థము కుప్పపడుచున్నదని 2009లో తేలినది ఈ పద్ధతిచేతనే; ఆ ఎంజైమును అడ్డగించు ఐవోసిడెనిబ్‌నకు 2018లో ఒక విధమైన రక్తకాన్సరు చికిత్సకై అమెరికాలో ఆమోదము లభించినది. దీనికి ఎంతోముందు, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో, ఫోలిక్ ఆమ్లము పనిని అడ్డగించు అమినోప్టెరిను తయారైనది. బోస్టనులో సిడ్నీ ఫార్బరు దానిని లుకీమియా పీడితులైన 16 మంది పిల్లలకిచ్చి, 10 మందిలో, తాత్కాలికముగానే యైనను, ఉపశమనము కలిగినదని 1948లో ప్రకటించెను. అన్నము మాన్పించి గాక, కణవిభజనకు అత్యవసరమైన ఒక్క మెట్టును గుఱిచూచి మూసి సాధించిన ఫలితమది. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేటును లుకీమియా సోకిన పిల్లలకు నేటికిని ఇచ్చుచున్నారు.