మణికట్టు మీది చీటీ

మారథాన్ రోజుకు ప్రణాళిక వేసుకోవడమంటే 42.195 కిలోమీటర్ల దారిలో ఎక్కడ ఎంత వేగంతో వెళ్లాలి, ఎప్పుడు ఏం తినాలి, ఎంత తాగాలి, ఒంట్లో తేడా చేస్తే ఏం వదులుకోవాలి అన్నవి ముందే తేల్చుకోవడం. ముప్పై రెండో కిలోమీటరు దగ్గర మిగిలిన దూరాన్ని మిగిలిన సమయంతో లెక్కగట్టే ఓపిక ఏ బుర్రకూ ఉండదు. అందుకే చాలామంది రన్నర్లు మణికట్టుకు సన్నటి కాగితపు పట్టీ చుట్టుకుంటారు. దారిలోని ఏ కిలోమీటరు బోర్డు దగ్గరికి ఏ సమయానికి చేరాలో దాని మీద రాసి ఉంటుంది. దాన్నే పేస్ బ్యాండ్ అంటారు. వేల రూపాయల వాచీలు వచ్చినా ఈ చీటీ విలువ తగ్గలేదు. ప్రణాళికంతా చివరికి దిగేది అందులోకే.

అన్నిటికంటే ముందు తేలాల్సింది లక్ష్య సమయం. దానికి ఆధారం కోరిక కాదు, ఈమధ్య పరుగెత్తిన హాఫ్ మారథాన్. ఇంజనీరు పీట్ రీగల్ 1977లో ప్రకటించిన సూత్రం ప్రకారం దూరం రెట్టింపైతే సమయం రెట్టింపు కంటే కాస్త ఎక్కువ, దాదాపు 2.085 రెట్లు అవుతుంది. 2 గంటల 5 నిమిషాల్లో హాఫ్ పూర్తిచేసిన వ్యక్తికి ఈ లెక్కన ఫుల్ మారథాన్‌కు 4 గంటల 20 నిమిషాలు పట్టాలి. కానీ ఉద్యోగం చేసుకుంటూ వారానికి నాలుగు రోజులు పరుగెత్తేవారికి ఈ సూత్రం కొంచెం ఆశ ఎక్కువ చూపిస్తుంది. మొదటిసారి పరుగెత్తేవారు 4:20 బదులు 4:30 అని రాసుకోవడమే మేలు.

42.195 అన్న ఈ వింత దూరం కథ పొట్టిది. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో స్పిరిడాన్ లూయిస్ గెలిచిన పరుగు దాదాపు 40 కిలోమీటర్లు. 1908లో లండన్‌లో విండ్సర్ కోట నుంచి స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటి దాకా కొలిస్తే 42.195 అయింది, 1921లో అదే ప్రమాణంగా స్థిరపడింది. ఆ లండన్ పరుగులోనే అందరికంటే ముందు స్టేడియంలోకి వచ్చిన ఇటలీ రన్నర్ డొరాండో పియెత్రి దారి తప్పి, పదేపదే కూలిపోయి, ఇతరులు లేవదీసి గీత దాటించినందుకు పతకం పోగొట్టుకున్నాడు.

4:30 లక్ష్యానికి సగటు వేగం కిలోమీటరుకు 6 నిమిషాల 24 సెకన్లు. దాన్ని అలాగే గుణించి రాసేస్తే చీటీ పూర్తయినట్టే కనిపిస్తుంది, కానీ దారి సమతలంగా లేనప్పుడు అది పనికిరాదు. హైదరాబాద్ మారథాన్‌నే తీసుకుంటే అది ఆగస్టులో, తెల్లారకముందే, హుస్సేన్ సాగర్ ఒడ్డున పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. సాగర్ ఒడ్డున రోడ్డు చదునుగా, గాలి చల్లగా ఉంటుంది. అక్కడ వేగం పెంచాలనిపిస్తుంది. పడమటి వైపు తిరిగాక ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఈ దారికి చీటీ ఇలా రాసుకోవచ్చు: 10 కిలోమీటర్లకు 1:05, సగం దూరానికి 2:16, 30కి 3:13, ముగింపు 4:30. మొదటి పదిలో ఒక నిమిషం వెనకబడి, మధ్యలో 6:24 పట్టుకుని, ఆఖరి 12.195 కిలోమీటర్లను 6:19తో పూర్తిచేయాలి. ఆ నిమిషం తిరిగి దొరుకుతుందన్న హామీ ఏమీ లేదు. అయినా మొదట్లో ఆదా చేశామనుకున్న ఒక్క నిమిషానికి చివర్లో పది నిమిషాలు చెల్లించినవాళ్లు ప్రతి మారథాన్‌లోనూ కనిపిస్తారు.

నిదానంగా మొదలుపెట్టడంలో ఉన్న ఈ తేడా ప్రపంచ విజేతల విషయంలోనూ తెలుస్తుంది. 2022లో బెర్లిన్‌లో ఎలియుడ్ కిప్చోగె మొదటి సగాన్ని 59:51లో, రెండో సగాన్ని 61:18లో పరుగెత్తి 2:01:09తో రికార్డు కొట్టాడు. మరుసటి ఏడాది చికాగోలో కెల్విన్ కిప్టుమ్ 60:48తో నిదానంగా మొదలుపెట్టి, రెండో సగాన్ని 59:47లో ముగించి, 2:00:35తో ఆ రికార్డును దాటాడు.

చీటీ తయారీకి కావలసినవి తెల్ల కాగితం, బాల్ పెన్ను, పారదర్శకమైన ప్యాకింగ్ టేపు. మూడు సెంటీమీటర్ల వెడల్పున పట్టీ కత్తిరించి, చెయ్యి తిప్పగానే నేరుగా కనిపించేలా అంకెలను అడ్డంగా, లావుగా రాయాలి. వీధి దీపాల వెలుగులో సన్న అంకెలు కనబడవు. జెల్ పెన్ను సిరా చెమటకు అలుక్కుపోతుంది. రెండు వైపులా టేపు అంటించి అంచులు మూసేస్తే ఐదు గంటల చెమటకూ కాగితం నానదు. ఫ్లైఓవరు వచ్చే కిలోమీటర్ల పక్కన పైకి బాణం గుర్తు. ఎక్కేటప్పుడు ఊపిరి తీరు మారకుండా వేగాన్నే తగ్గనివ్వాలని ఆ గుర్తుకు అర్థం. వెనకవైపు రెండో లక్ష్యం, 4:50, కిలోమీటరుకు 6:52. ఉక్కపోత ఎక్కువగా ఉంటే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, గుండె అదే వేగానికి ఎక్కువ కొట్టుకుంటుంది. అలాంటి రోజున పదో కిలోమీటరు దగ్గరే పట్టీని తిప్పి కట్టుకోవడం ఓటమి కాదు. ఆ నిర్ణయాన్ని ఇంట్లో, నిమ్మళంగా ఉన్నప్పుడు తీసుకుని ఉండటమే ఈ చీటీ బలం.

సమయాన్ని వాచీ చెప్పే కిలోమీటరుతో కాక, దారిలో పాతిన బోర్డుతో పోల్చుకోవాలి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం మార్గాన్ని సైకిల్ చక్రానికి బిగించిన లెక్కింపు పరికరంతో, సాధ్యమైనంత దగ్గరి దారిలో, మలుపుల్లో లోపలి అంచుకు 30 సెంటీమీటర్ల ఎడంగా కొలుస్తారు. దూరం తగ్గిపోకుండా కిలోమీటరుకు ఒక మీటరు అదనంగా కలుపుతారు. జనంలో అటూ ఇటూ జరుగుతూ వెళ్లే రన్నరు వాచీలో ముగింపు గీత దగ్గర 42.6 కనిపించడం మామూలే. వాచీని నమ్మి సరిగ్గా 6:24తో వెళ్లినా అప్పటికి రెండున్నర నిమిషాలు ఆలస్యమవుతుంది.

ఇక తిండి. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ శక్తి సుమారు 2,000 కేలరీలు. పరుగుకు అయ్యే ఖర్చు కిలో బరువుకు, కిలోమీటరుకు దాదాపు ఒక కేలరీ. 70 కిలోల మనిషికి ఫుల్ అయ్యేసరికి 2,900 దాటుతుంది. కొవ్వు కొంత భర్తీ చేసినా, తినకుండా వేగంగా వెళ్తే ముప్పై దాటాక కాళ్లు మొరాయిస్తాయి. రన్నర్లు ‘గోడ’ అనేది దాన్నే. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండి పదార్థం లోపలికి వెళ్లాలి. 25 గ్రాముల పిండి పదార్థం ఉండే ఎనర్జీ జెల్ 40 నిమిషాలకొకటి అనుకుంటే 6, 12, 19, 25, 31, 37 కిలోమీటర్ల పక్కన చీటీ మీద చుక్క పెట్టాలి. ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. ఐదింటికి పరుగైతే రెండున్నరకే లేచి రెండు మూడు ఇడ్లీలు కాస్త చక్కెరతో, ఒక అరటిపండు తింటే సరిపోతుంది. సాంబారు, అల్లప్పచ్చడి ఆ పూటకు వద్దు. ఏది తిన్నా అంతకుముందు సాధనలో చేసిన లాంగ్ రన్‌లలో కడుపు ఒప్పుకున్నదై ఉండాలి.

నీళ్లు ఎక్కువైనా ముప్పే
2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం తగ్గినట్టు 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన అధ్యయనం తేల్చింది. దారిలో అతిగా తాగి బరువు పెరిగినవారిలో ఇది ఎక్కువ. ప్రతి స్టాలు దగ్గరా గ్లాసు ఖాళీ చేయనక్కర్లేదు, దాహాన్ని బట్టి తాగాలి. నొప్పి మాత్రలు వేసుకుని పరుగెత్తడం మూత్రపిండాలకు ప్రమాదం.

ముందు రోజు రాత్రి
పోటీ నంబరు ఉండే బిబ్‌ను నాలుగు పిన్నులతో చొక్కాకు గుచ్చి ఉంచాలి. పాత షూలే వేసుకోవాలి. తొడలు, చంకలు ఒరుసుకునే చోట వ్యాజిలిన్ రాయాలి. పొడి బట్టలు, చెప్పులు సంచిలో సర్దుకోవాలి. చాలామందికి ఆ రాత్రి నిద్ర పట్టదు. అంతకుముందు రెండు రాత్రులు బాగా నిద్రపోయి ఉంటే కంగారు అక్కర్లేదు.

బయల్దేరే చోట గుంపు ముందుకు చొచ్చుకుపోనక్కర్లేదు. బిబ్‌కు ఉండే చిప్ గీత దాటినప్పటి నుంచే సమయం లెక్కిస్తుంది, వాచీ కూడా అక్కడే నొక్కాలి. మొదటి బోర్డు దగ్గర చీటీ కంటే ముందుంటే వెంటనే తగ్గాలి. ముప్పై దాకా చీటీ చెప్పిందే మాట. ఆ తర్వాత కాళ్లలో సత్తువ ఉంటే దాన్ని దాటి వెళ్లొచ్చు. తల తిరిగినా, చలి పుట్టినా, మాట తడబడినా ఆగి వైద్య సిబ్బందిని పిలవాలి. గీత దాటాక కూర్చోకుండా పది నిమిషాలు నడవాలి. అసలు పట్టిన సమయాలను ఆ సాయంత్రమే పట్టీ అంచున రాసి పెట్టుకుంటే తర్వాతి మారథాన్ చీటీని దాన్ని చూసే రాసుకోవచ్చు.