ఆ చిన్నవాని సంపాదన ఎవరిది?

పిల్లవాడు చక్కగా ఒక పాట పాడితే నలుగురి ముందూ నిలబెట్టి మళ్ళీ పాడించడం మనందరికీ సరదాయే. అయితే ఆ పాటకు, ఆ ఆటకు డబ్బు కూడా రావడం మొదలైతే, అది ఎవరిది? అమెరికాలో జాకీ కూగన్ అనే బాలనటుని విషయంలో ఈ ప్రశ్న కోర్టు దాకా వెళ్ళింది. తల్లిదండ్రులు తెలిసికొనవలసిన కథ ఇది.

జాకీ 1914లో లాస్ ఏంజిలిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు నాటకరంగానికి చెందినవారు. వేదికపై గంతులు వేస్తున్న ఈ పసివాణ్ణి చార్లీ చాప్లిన్ చూచి, తన సినిమాలోకి తీసికొన్నాడు. 1921లో విడుదలైన ఆ మూకీ చిత్రం పేరు 'ది కిడ్'. అందులో చాప్లిన్ కిటికీ అద్దాలు బిగించే బీదవాడు, జాకీ అతడు పెంచుకొన్న దిక్కులేని పిల్లవాడు. పిల్లవాడు ముందు వెళ్ళి రాయి విసిరి అద్దం పగులగొడతాడు. వెనుకనే చాప్లిన్ ఏమీ ఎరుగనట్టు వచ్చి కొత్తది బిగించి కూలి పుచ్చుకుంటాడు. తనను అనాథాశ్రమానికి తీసుకుపోతుంటే చేతులు చాచి వాడు ఏడ్చిన ఏడ్పు ప్రేక్షకుల గుండెలు కరిగించింది.

ఆ మీదట జాకీ పేరు మారుమోగిపోయింది. అతని పేరుతో బొమ్మలు, ఈలలు, వేరుశనగ వెన్న కూడా అమ్మారు. 1924లో, పదేళ్ళు నిండకముందే, నియర్ ఈస్ట్ రిలీఫ్ అనే సంస్థ పక్షాన అమెరికాలోను, ఐరోపాలోను తిరిగాడు. యుద్ధంలో తల్లిదండ్రులను పోగొట్టుకొన్న ఆర్మేనియా, గ్రీసు పిల్లల కొరకు 10 లక్షల డాలర్లకు పైగా విలువైన సహాయం పోగుచేయడానికి తోడ్పడ్డాడు.

కాని వయస్సు ఎవరికొరకూ ఆగదు గదా! 1927లో అతని జుట్టు కత్తిరించడం కూడా ఒక సినిమాకు కథ అయింది. ముద్దుమొగము పోయింది, గొంతు మారింది. 1930లో 'టామ్ సాయర్' వంటి ఒకటి రెండు చిత్రాల తరువాత పిలుపులు తగ్గిపోయాయి.

1935 మే నెలలో ఘోరమైన కారు ప్రమాదం జరిగింది. తండ్రితో సహా నలుగురు చనిపోగా జాకీ ఒక్కడే బ్రతికాడు. ఆ సంవత్సరమే అతనికి 21 ఏళ్ళు నిండాయి. తాను చిన్నతనంలో సంపాదించినది తనకు వస్తుందని ఎదురుచూశాడు. అతని సంపాదన 30 నుండి 40 లక్షల డాలర్లని అంచనా. తల్లి అప్పటి వరకు ఆ లెక్కలు చూసిన మేనేజరునే పెండ్లి చేసికొన్నది. ఇస్తామని ఎన్నడూ మాట ఇవ్వలేదన్నారు వారు. 1938లో జాకీ కన్నతల్లి మీదనే దావా వేయవలసి వచ్చింది. అప్పటి కాలిఫోర్నియా చట్టం ప్రకారం మైనరు బిడ్డ సంపాదన తల్లిదండ్రులదే. చివరకు రాజీలో అతని చేతికి వచ్చినది సుమారు 1 లక్షా 26 వేల డాలర్లు మాత్రమే.

ఈ సంగతి విని దేశమంతా నొచ్చుకొన్నది. 1939లో కాలిఫోర్నియా ప్రభుత్వం బాలనటుల ఆదాయంలో కొంత భాగం వారి పేరనే దాచిపెట్టేందుకు చట్టం చేసింది. దానిని నేటికీ కూగన్ చట్టం అంటారు. అందులో లొసుగులు చాలా కాలం మిగిలిపోయాయి. 2000లో అమలులోకి వచ్చిన సవరణతో ఆ సంపాదన పిల్లలదే అయింది. నూటికి 15 వంతులు విడిగా దాచడం తప్పనిసరి అయింది. జాకీకి మాత్రం పోయిన సొమ్ము తిరిగి రాలేదు.

అయినా అతడు కుంగిపోలేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో గ్లైడరు నడిపే సైనికుడుగా మన దేశానికి వచ్చాడు. 1944 మార్చిలో బ్రిటిష్ సైనికులను ఎక్కించుకొని రాత్రివేళ బర్మా అడవులలో, జపానువారి వెనుక దిగాడు. 1964 నుండి 1966 వరకు టెలివిజన్‌లో గుండు తల 'అంకుల్ ఫెస్టర్'గా మరల పిల్లలను నవ్వించాడు. 1984లో కన్నుమూశాడు.

పేరు తగ్గిపోవడం ఎవరి తప్పూ కాదు. ముద్దుమొగము ఎన్నాళ్ళుంటుంది? కాని డబ్బు పోయింది ఇంటిలోనే. అంతకంటె విచారమేమిటంటే, తల్లీ కొడుకూ కోర్టులో ఎదురెదురుగా నిలబడ్డారు. బిడ్డ సంపాదించినది ఇంటి అవసరానికి వాడుకోవలసి రావచ్చు. అట్టి అవసరం వస్తే, ఎంత వాడామో, ఎంత మిగిల్చామో బిడ్డ ఎదిగిననాడు చూపగలగాలి. దాచినది కొంచెమైనా సరే, వాని పేరనే దాచుదాం.