టకటక వినిపించిందా? ఆగండి!

శామీర్‌పేట చెరువు పక్కన పొద్దున్నే కెమెరాతో నిలబడితే వడ్రంగి పిట్ట కంటికంటే ముందు చెవికి దొరుకుతుంది. ఎవరో పకపకా నవ్వినట్టు ఓ కూత. వెనకే పైకీ కిందికీ ఊగుతూ ఎగిరొచ్చి మానుకు అతుక్కునే బంగారు వీపు. మేడ్చల్ వైపు తోటల్లో ఎక్కువగా కనబడేది ఈ రకమే. ఎర్రటి కుచ్చు ముక్కు మొదలు దాకా ఉంటే మగది. నుదురు నల్లగా, తెల్ల చుక్కలతో ఉంటే ఆడది.

1931లో నిజాం రాజ్యపు పక్షుల లెక్క తేల్చడానికి పక్షి శాస్త్రవేత్త సలీం అలీ వచ్చినప్పుడు నమూనాల కోసం తుపాకీ వాడక తప్పేది కాదు. ఇప్పుడు కెమెరా చాలు. కాకపోతే పిట్ట తల నిలవదు! కొన్ని రకాలు సెకనుకు 20 దెబ్బల దాకా కొడతాయి. షట్టర్ స్పీడు 1/2000 పెట్టకపోతే ఫొటోలో ముక్కు బదులు పొగే వస్తుంది.

మరి తల పగలదా? ఈ ప్రశ్న మీద పనిచేసిన ఇద్దరికి 2006లో, నవ్వించే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ దక్కింది. పుర్రెలో మెత్త ఉందని చాలాకాలం నమ్మారు. 2022లో హైస్పీడ్ వీడియోలు చూసి తేల్చిందేమంటే, మెత్తా లేదు గిత్తా లేదు, అది గట్టి సుత్తే. మెదడు చిన్నది కాబట్టి తట్టుకుంటుంది, అంతే.

నేడున్న వడ్రంగి పిట్టల్లో పెద్దది హిమాలయ పాదాల అడవుల్లోనూ తిరిగే బూడిద రంగు రకం, సుమారు అర మీటరు. మనదాని పొడవు 26–29 సెంటీమీటర్లే. ఇప్పటిదాకా తెలిసిన అన్నిటికన్నా పెద్దది మెక్సికో ఇంపీరియల్ రకం. 1956లో విలియం రైన్ అనే పళ్ల డాక్టరు కంచరగాడిద మీద కూర్చుని దాన్ని 85 సెకన్లు ఫిల్ము తీశాడు. బొమ్మ ఊగిపోయింది. అయితేనేం, ఆ పిట్ట కదులుతూ కనిపించే ఫిల్ము లోకంలో అదొక్కటే. ఆ తర్వాత అది రూఢిగా ఎవరికీ కనబడలేదు.

తిండి దాచుకోవడంలో కాలిఫోర్నియా రకానిదే రికార్డు: ఒక్క చెట్టుకు 50,000 దాకా చిల్లులు, చిల్లుకో ఓక్ కాయ.

మనది తొలిచి వదిలేసిన తొర్రల్లో గోరింకలు, రామచిలుకలు కాపురం పెడతాయి. అందుకే తోటలో ఎండిన మాను ఉంటే, కొట్టేయకుండా ఉంచండి. తోటలో ఎండిన మాను ఉంటే, కొట్టేయకుండా ఉంచండి.