వార్తల్లో పదం: డెట్ మేనేజ్‌మెంట్ ప్లాన్

అమెరికాలో క్రెడిట్ కార్డు బాకీల్లో కూరుకుపోయినవారికి లాభాపేక్ష లేని కౌన్సెలింగ్ సంస్థలు బ్యాంకులతో మాట్లాడి కుదిర్చే ఏర్పాటు ఇది. కొత్త అప్పేమీ కాదు. అసలు పూర్తిగా కట్టాల్సిందే, తగ్గేది వడ్డీ. నెలనెలా సంస్థకు ఒకే మొత్తం కడితే అదే బ్యాంకులకు పంచుతుంది. మామూలుగా మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. కిటుకంతా వడ్డీలోనే ఉంది. 10,000 డాలర్ల బాకీకి ఏటా 24 శాతం చొప్పున నెలకు 200 డాలర్లు వడ్డీకే సరి. అంతే కడుతూ పోతే పదేళ్లయినా అసలు కదలదు. వడ్డీ 8 శాతానికి దిగితే నెలకు సుమారు 203 డాలర్లతో ఐదేళ్లలో బాకీ మొత్తం తీరిపోతుంది. తేడా మూడు డాలర్లు! అప్పులపాలైనవారిని దుబారా మనుషులని ఈసడించేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

ఈ సంస్థలకు బ్యాంకులూ కొంత సొమ్ము ఇస్తాయి కాబట్టి అవి ఎవరి పక్షమన్న సందేహం న్యాయమైనదే. దివాలా పిటిషనే మేలైన మనిషికి ప్లాన్ అంటగడితే అది తప్పే. అయితే ‘సగం కట్టి వదిలించుకోండి’ అనే సెటిల్‌మెంట్ కంపెనీల దారి ఇంకా ప్రమాదం. అవి తరచూ వాయిదాలు ఆపేయమంటాయి. ఈలోగా జరిమానాలు పెరుగుతాయి, దావాలు పడతాయి, మాఫీ అయిన సొమ్ముపై పన్ను కూడా పడొచ్చు. ప్లాన్‌లోనూ ఇబ్బందులున్నాయి: కార్డులు సాధారణంగా మూసేస్తారు, ఇంటి రుణం, చదువు రుణం ఇందులోకి రావు, వాయిదా తప్పితే వడ్డీ రాయితీ పోవచ్చు.